ఆ గుండు ఎక్కడ పడ్డది?

రంజాను నెలలో ఒక సాయంత్రం దేరాలో ఇఫ్తార్ ఫిరంగి చూడ్డానికి వెళ్ళాం. పిల్లలు చెవులు మూసుకుని ముందు వరసలో నిలబడ్డారు. పొద్దు గుంకింది, ఫిరంగి మోగింది, చేతుల్లో ఉన్న ఖర్జూరాలు నోళ్ళలోకి వెళ్ళాయి. నా పక్కనున్న కరీంనగర్ కుర్రాడు మాత్రం ఆకాశం వంక చూస్తూనే ఉన్నాడు. "అన్నా, గా గుండు ఏడ పడ్డది?" అన్నాడు. వాడు ఈ దేశం వచ్చి మూడు నెలలే అయింది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు గానీ, అడగవలసిన ప్రశ్నే అది.

1960ల నుంచీ దుబాయి పోలీసులు పేలుస్తున్న ఈ ఫిరంగిలో గుండు ఉండదు. ఉన్నదంతా మందే. ఆకలితో ఉన్నవాళ్ళకి వేళయిందని చెప్పే చప్పుడు, అంతే. అలాగని గుండు లేదు కాబట్టి భయం లేదనుకుంటే పొరపాటు. మందు కాలి పుట్టే వాయువు గొట్టం మూతి దగ్గర సుత్తిదెబ్బలా తగులుతుంది. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే అమెరికన్ నటుడు షూటింగ్ మధ్య విరామంలో, గుండు లేని తూటా ఉన్న రివాల్వర్‌ని కణతకి ఆనించుకుని సరదాగా నొక్కాడు. వారం తిరక్కుండానే పోయాడు. ఫిరంగి దగ్గర జనాన్ని అంత దూరం నిలబెట్టేది ఊరికే కాదు.

ఇంతకీ ఇదే ఊళ్ళో నిజం గుండ్లు పడిన రోజు ఒకటుంది. 1910 డిసెంబరు 24. మనలో ఏళ్ళ తరబడి ఇక్కడ ఉన్నవాళ్ళకి కూడా ఆ సంగతి తెలియదు. నాకూ చాలాకాలం తెలియదు.

ఆ రోజుల్లో మస్కట్‌లో తుపాకుల వ్యాపారం జోరుగా సాగేది. అక్కణ్ణించి పడవల్లో మక్రాన్ తీరానికి, అక్కణ్ణించి ఒంటెల మీద అఫ్గాన్ కొండలకి, చివరికి మన వాయవ్య సరిహద్దు తెగల చేతుల్లోకి చేరేవి. అంటే ఇండియాలో తెల్లవాళ్ళ మీద పేలబోయే తుపాకులన్నమాట. వాటిని పట్టుకోవడానికి బ్రిటిష్ నౌకాదళం గల్ఫంతా గాలించేది. దుబాయిలో తుపాకులు దాచారని హయసింత్ అనే యుద్ధనౌక నుంచి సుమారు వందమంది దిగి, ఇళ్ళలో సోదాలు మొదలుపెట్టారు. చెప్పాపెట్టకుండా ఇళ్ళలో జొరబడితే ఎవరూరుకుంటారు? కాల్పులు జరిగాయి. ఓడ మీది ఫిరంగులు ఊరి మీద గుండ్లు కురిపించాయి. దుబాయి వాళ్ళు 37 మంది, బ్రిటిష్ వైపు అయిదుగురు చనిపోయారు. ఆ తరవాత పాలకుడు షేక్ బుట్టి బిన్ సుహైల్‌ని 400 తుపాకులు, 50,000 రూపాయల జరిమానా కట్టమన్నారు. అవును, రూపాయలే. 1966 దాకా ఇక్కడ చెల్లింది మన రూపాయే, లేదా దాని చుట్టమైన గల్ఫ్ రూపాయి.

ఇదంతా చెప్పాక మా కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి, "మా దిక్కు పెండ్లిళ్ళల్ల మీదికి కాలుస్తరు గదన్నా, గదేం గాదు గద?" అన్నాడు.

పెళ్ళిలో తుపాకి మోత ఈ ఎడారి తెగలకీ పాత సరదాయే. గాల్లోకి కాలిస్తే ఎవరికీ ఏమీ కాదని మన సినిమాలూ నేర్పాయి. ఇంకొందరైతే పైకి వెళ్ళిన తూటా అంతే వేగంతో తిరిగొస్తుందంటారు. రెండూ నిజం కాదు. 1920 ప్రాంతంలో జూలియన్ హాచర్ అనే అమెరికా సైన్యాధికారి ఫ్లోరిడాలో నీళ్ళ మధ్య వేదిక కట్టించి, మరతుపాకిని నిట్టనిలువుగా పేల్పించి చూశాడు. సెకనుకి 2,700 అడుగుల వేగంతో లేచిన తూటా గాలి అడ్డుకోవడం వల్ల సుమారు 300 అడుగుల వేగంతో కిందికొచ్చింది. చూడ్డానికి తొమ్మిదో వంతే. కానీ తులానికి కాస్త తక్కువ బరువున్న లోహపు ముక్క గంటకి 330 కిలోమీటర్ల వేగంతో నెత్తిన పడితే ఏమవుతుంది? అదీ నిట్టనిలువుగా కాలిస్తే. పెళ్ళి పందిట్లో తూలుతూ కాల్చేవాడు తుపాకిని ఏటవాలుగానే పట్టుకుంటాడు. అప్పుడు తూటా మొన ముందుకే ఉండి, వేగం ఇంకా ఎక్కువగా నిలుపుకుని, ఎక్కడో మేడమీద పడుకున్నవాడి మీదికి పోతుంది. కాల్చినవాడికి ఆ సంగతే తెలియదు.

ఇప్పుడిక్కడ పెళ్ళిళ్ళలో యోలా ఆడే కుర్రాళ్ళు తుపాకుల్ని గిరగిరా తిప్పి పైకి ఎగరేసి పట్టుకుంటారు. వాటిలో తూటాలుండవు. పైకి వెళ్ళిందీ కిందికొచ్చిందీ అందరి కళ్ళకీ కనిపిస్తుంది. నాకు చాలా ఇష్టమైన ఆట.

తూటాల విషయంలో ఈ దేశం ఎంత పట్టుదలగా ఉంటుందో మనవాళ్ళు తెలుసుకోవడం మంచిది. 2019లో ఆయుధాల మీద కొత్త ఫెడరల్ చట్టం వచ్చింది. అనుమతి లేకుండా ఒక్క తూటా తెచ్చినా నేరమే, విమానం మారడానికి ఆగినా సరే. నాకు తెలిసిన ఒకాయన ఊళ్ళో సంతలో కొన్న తూటా కీచైన్‌ని సంచిలో మరిచిపోయి వచ్చాడు. విమానాశ్రయంలో అది ఉత్తి బొమ్మ అని నచ్చచెప్పేసరికి తెల్లారిందట. కీచైన్ వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, తాళంచెవులు మాత్రం ఒక కాయితంలో చుట్టి ఇచ్చారు.