తెర ఎవరికి?

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకసారి మా ధరూరు ప్రాంతపు విద్యార్థులను వెంటబెట్టుకొని అలంపురం వెళ్ళాను. నవబ్రహ్మాలయాలు చూసి, అక్కడి పురావస్తు ప్రదర్శనశాలలో అడుగుపెట్టాము. అందులో చాళుక్యుల కాలపు లజ్జాగౌరి శిల్పం ఉన్నది. శిరస్సు ఉండవలసిన చోట వికసించిన పద్మం; క్రింద ప్రసవభంగిమలో ఉన్న నగ్నదేహం. "ఈమె ఎవరండీ సార్?" అని ఒక బాలిక అడిగింది. "అమ్మవారమ్మా, పద పద" అంటూ అందరినీ ముందుకు నడిపించాను.

ప్రబంధనాయికల ఆపాదమస్తక వర్ణనలకు తరగతిలో తడుముకోకుండా ప్రతిపదార్థం చెప్పిన నోరు ఆనాడు ఎందుకు మూతపడినది? పదవీ విరమణ తరువాత తీరికగా చిత్రకళాచరిత్ర చదువుతుంటే ఆ ప్రశ్నకు కొంత సమాధానం దొరికింది.

ఆధునికాంధ్ర చిత్రకళకు ఆద్యులలో ఒకరైన దామెర్ల రామారావుగారు 1897లో రాజమహేంద్రవరంలో జన్మించారు. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చదివారు. 1919 ప్రాంతంలో ఆ సంస్థకు అధిపతిగా వచ్చిన గ్లాడ్‌స్టన్ సాలమన్, సజీవమైన నగ్నదేహాన్ని ఎదుట ఉంచుకొని గీసే అభ్యాసాన్ని అక్కడ ప్రవేశపెట్టాడు. ఎముకల అమరిక, కండరాల కదలిక తెలియనివాడు చీరె కుచ్చెళ్ళను కూడా సరిగా గీయలేడని ఐరోపా చిత్రవిద్యాలయాల సిద్ధాంతం. 'సిద్ధార్థ రాగోదయం' వంటి చిత్రాలు వేసిన రామారావుగారు 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండానే అస్తమించారు. ఆ స్వల్పకాలంలో వారు మిగిల్చిన కృషిలో నగ్న స్త్రీమూర్తులూ ఉన్నాయి.

ఇదే ముడి మనకంటె ముందు జపానులో పడింది. అక్కడ స్త్రీపురుషులు ఒకేచోట స్నానం చేయడం పూర్వం వింత కాదు. పాశ్చాత్యులు చూసి నవ్వుతారన్న బిడియంతో మెయిజీ ప్రభుత్వం 1870వ దశకంలో బహిరంగ నగ్నత్వాన్ని నిషేధించింది. ఇంతలో న్యాయశాస్త్రం చదవడానికి ఫ్రాన్సు వెళ్ళి చిత్రకారుడై తిరిగివచ్చిన కురోదా సేయికి, అద్దం ముందు నిలిచి జుట్టు సవరించుకొంటున్న నగ్నస్త్రీ చిత్రాన్ని 1895లో క్యోటో ప్రదర్శనలో ఉంచాడు. పత్రికలు దుమారం రేపాయి. 1901లో ఆయన మరో నగ్నచిత్రానికి నడుము క్రింది భాగాన్ని పోలీసులు గుడ్డతో కప్పించారు. అయినా కురోదా వెనుకంజ వేయలేదు. నగ్నదేహాభ్యాసాన్ని టోక్యో చిత్రకళాశాల పాఠ్యక్రమంలో భాగం చేశాడు. క్యోటోలో కలకలం రేపిన ఆ మొదటి చిత్రం మాత్రం రెండవ ప్రపంచయుద్ధంలో దగ్ధమైపోయింది.

ఇందులోని విడ్డూరం గమనించండి. ఒళ్ళు కప్పుకొమ్మన్న బిడియమూ పడమటినుండే వచ్చింది. ఒళ్ళు చూచి గీయమన్న చిత్రవిద్యా పడమటినుండే వచ్చింది. మన దేశంలోనూ అంతే. ఆంగ్లేయులు వ్రాసిన శిక్షాస్మృతిలో అశ్లీలతను శిక్షించే 292వ సెక్షనే దేవాలయ శిల్పాలకు, చిత్రాలకు మినహాయింపు ఇచ్చింది. 2024లో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలోనూ ఆ మినహాయింపు నిలిచి ఉన్నది. గుడిలోని శిల్పికి అడగకుండానే దక్కిన రక్షణ, కాగితం మీద గీసే చిత్రకారునికి దక్కాలంటే అది కళ అని ఋజువు కావాలి.

పామరుడు అలంపురం శిల్పాన్ని చూసి చేతులు జోడించగలడు. నావంటి చదువుకొన్నవాడు తల తిప్పుకొన్నాడు. లజ్జ ఆమెకు పేరులో ఉన్నది. నాకు ముఖంలో ఉన్నది. అది నా పూర్వులు ఇచ్చినది కాదు, నేను చదివిన బడి నేర్పినది.

ఆ బాలిక ఈపాటికి తల్లి అయి ఉంటుంది. మరల కనబడితే ఆనాడు దాటవేసిన జవాబు చెప్పాలని ఉన్నది: "అమ్మా, ఆమె సృష్టికి రూపం. నిన్నూ నన్నూ కన్న తల్లులందరి రూపం. ఆగి చూడు."