అమరావతి రాళ్లు చెప్పెడి నీతి

ప్రాచీన కట్టడములు శత్రువుల చేతికంటె స్వజనుల యుపేక్షకే యెక్కువగా బలియగుచున్నవని మా తలంపు. అమరావతి స్తూపచరిత్రమును పరికించినవారికి ఇది యతిశయోక్తిగా తోపదు.

కృష్ణాతీరమున ధాన్యకటకమునందు వెలసిన యీ మహాచైత్యము క్రీస్తునకు పూర్వమే పుట్టి, సాతవాహనుల కాలమున పెరిగి, శిల్పములు చెక్కిన సున్నపురాతి పలకలతో శోభిల్లెను. ఇది కేవలము రాజుల కీర్తి గాదు. గృహస్థులును, వర్తకులును, భిక్షుణులును దీనికి దానము లిచ్చిరి. విధికుడను చర్మకారుడు తన కుటుంబముతో కూడి పూర్ణఘటము చెక్కిన పలక నొకదానిని సమర్పించినట్లు శాసనము కలదు. తరువాతి కాలము వెలివేసిన వృత్తివానికి ఆనాడా పవిత్రస్థలమున చోటుండెననుటకు ఆ రాయియే సాక్షి.

1344వ సంవత్సరపు సింహళశాసన మొకటి, ధర్మకీర్తి యను స్థవిరుడు ఇచ్చటి ప్రతిమాగృహమును బాగుచేయించెనని చెప్పుచున్నది. పిదప జనులు స్తూపమును మరచిరి. అది మట్టిదిబ్బయై దీపాలదిన్నె యను పేర మిగిలెను. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని రాజధానిగా నిర్మింపబూనగా, పనివారు ఇటుకలకును రాళ్లకును దిబ్బను త్రవ్విరి. శిల్పఫలకములు కొన్ని శివగంగ చెరువు మెట్లయ్యెను. ఆయన దుష్టుడు గాడు. గొప్ప దాతయని పేరొందినవాడు. తెలియకపోవుటయే యిచ్చటి దోషము.

తెలిసినవారు చేసిన హాని మరింత విచారింపదగినది. 1797లో దిబ్బను చూచిన కాలిన్ మెకంజీ 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకములు మదరాసున పెక్కేండ్లు ఎండవానల పాలై, 1859లో లండనునకు తరలెను. 1880లో ప్రభుత్వాజ్ఞచే దిబ్బనంతయు త్రవ్వివేసిరి. ఏ రాయి యెచ్చట నుండెనో వ్రాసికొన్నవారు లేరు. అనంతరము వచ్చిన బర్జెస్ పండితునకు కనబడినది పెద్ద గోయి మాత్రమే! నేడు కానరాని యెన్నియో ఫలకములకు మెకంజీ చిత్రములే యాధారము.

దీనివలన తేలునదేమి? రాతిని దాచుట కట్టడమును కాపాడుట గాదు. స్థానము తప్పిన రాయి సగము మూగదగును. ముందు కొలిచి, చిత్రించి, వ్రాసికొని, పిమ్మటనే చేయి వేయవలెను. సాధ్యమైనంతవరకు ఉన్నచోటనే నిలుపవలెను. నాగార్జునసాగరము ముంచబోవు లోయను 1954 మొదలు 1960 వరకు శ్రద్ధతో త్రవ్వి, వివరములు వ్రాసికొని, ముఖ్యనిర్మాణములను కొండపై మరల నిలిపిరి. తరలింపు తప్పనిచోట అనుసరింపదగిన మార్గ మిదియే.

ప్రభుత్వచట్టములు జాబితాలోని కట్టడములనే రక్షించును. మిగిలిన గుడులు, మండపములు, దిగుడుబావులు గ్రామస్థుల చేతిలోనివి. జీర్ణోద్ధరణమను పేర పాతసున్నపు గోడలపై సిమెంటు పూయుదురు. సున్నము చెమ్మను వెలికి పోనిచ్చును. సిమెంటు దానిని లోననే బంధించి రాతిని చివికించును. శాసనములపై రంగులు పూసినచో అక్షరములు పూడిపోవును. భక్తి కలదు గదా యని వివేకమును విడువరాదు.

కావున చదువుకొన్న ప్రతి కుటుంబమును తన యూరి పాతరాళ్ల నొకసారి చూచి, ఎచ్చట నేమున్నదో వ్రాసి, ఛాయాచిత్రము తీసి యుంచవలెనని మా ప్రార్థన. ధనము లేనివారు సైతము చేయగల పని యిది. విధికుని పేరు రెండువేల యేండ్లు నిలిపిన రాయి మన తరముననే మూగపోకుండుగాక!