అల్డాబ్రా తాబేలు, లంకమల కలివికోడి

ఈ 2026లో రెండు వార్షికోత్సవాలు కలిసొచ్చాయి. సముద్రం నడుమ ఒంటరిగా పడివున్న దీవుల్ని, అక్కడి జీవాల్ని టీవీ తెర మీదికి తెచ్చిన డేవిడ్ అటెన్‌బరో 1926 మే 8న పుట్టారు. ఆయన పుట్టి నూరేళ్ళు. మన రాయలసీమలో ఎనభై ఆరేళ్ళ పాటు జాడ లేకుండా పోయిన కలివికోడి అనే పక్షి 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. ఆ సంగతికి నలభై ఏళ్ళు. పుట్టపర్తిలో ఉండి చూసే నాకు ఈ రెండూ ఒకే కథలోని రెండు ఘట్టాల్లా అనిపిస్తాయి.

ఏడాదికి అటూ ఇటూగా 550 మిల్లీమీటర్ల వాన పడే పీఠభూమి మాది. చిత్రావతిలో నీళ్ళకంటే ఇసుకను చూసిన రోజులే ఎక్కువ. బుక్కపట్నం చెరువు నిండితే జనం చూడ్డానికి వెళ్తారు. అలాంటి చోట పెరిగినవాళ్ళకు తెరనిండా నీళ్ళు, మధ్యలో ఒక నల్లరాతి దీవి, దాని మీద వేల పక్షులు కనబడితే చూపు తిప్పుకోవడం కష్టం. నాకు ఆ కార్యక్రమాలంటే ఇప్పటికీ ప్రాణం.

దీవుల చరిత్ర చాలావరకు పోగొట్టుకున్నవాటి చరిత్రే. 1598లో డచ్చి నావికులు మారిషస్‌లో దిగారు. ఎగరలేని డోడో పక్షి ఆ తర్వాత నూరేళ్ళు కూడా మిగల్లేదు. ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు నేలమీది గూళ్ళను ఖాళీ చేశాయి. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి మన తెలుగు కూలీలు చెరకుతోటల పనికి అదే మారిషస్‌కు వెళ్ళారు. వాళ్ళు వెళ్ళేసరికి డోడో లేదు, అడవి కూడా చాలాచోట్ల చెరకుతోటగా మారిపోయింది. 1835లో గాలపాగోస్‌లో అయిదు వారాలు గడిపిన డార్విన్, దీవి దీవికీ జీవాలు వేరువేరుగా ఉండటం గురించి ఇంటికెళ్ళాక ఏళ్ళతరబడి ఆలోచించాడు.

తర్వాత కెమెరా వచ్చింది. 1956లో అటెన్‌బరో కొమొడో దీవికి వెళ్ళి అక్కడి రాక్షసి ఉడుమును చిత్రీకరించారు. 1984 నాటి ‘ది లివింగ్ ప్లానెట్’లో ఒక భాగం మొత్తం ఇలాంటి దీవులకే ఇచ్చారు. హిందూ మహాసముద్రంలోని అల్డాబ్రా పగడపు దీవి, దానిమీద లక్ష దాకా రాక్షసి తాబేళ్ళు. 1960ల్లో ఆ దీవి మీద సైనిక విమానాశ్రయం కట్టాలని బ్రిటన్ తలపెడితే శాస్త్రవేత్తలు గట్టిగా అడ్డుపడ్డారు, చివరికి ఆ ఆలోచన ఆగిపోయింది. ఎండకు తాళలేని తాబేళ్ళు చెట్టునీడ కోసం ఒకదాన్నొకటి తోసుకునే దృశ్యం చూస్తే అనంతపురం మనిషికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

తెలుగు పల్లెల్లోకి టీవీ 1975–76లో ఉపగ్రహం ద్వారా ప్రయోగంగా వచ్చింది. ఆ ప్రయోగం జరిగిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో హైదరాబాద్ దూరదర్శన్, 1995లో డిస్కవరీ, ఆ తర్వాత తెలుగు డబ్బింగులు వచ్చాయి. 2016లో వచ్చిన ‘ప్లానెట్ ఎర్త్’ రెండో విడత దీవులతోనే మొదలైంది. గాలపాగోస్‌లో ఇసుకలోంచి అప్పుడే బయటపడ్డ ఇగ్వానా పిల్ల, రాళ్ళ సందుల్లోంచి దూసుకొచ్చే పదుల పాములు. ఆ పిల్ల పాముల చుట్టల్లోంచి విడిపించుకుని బండ ఎక్కేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

ఇవన్నీ చూశాక నాకు అర్థమైన సంగతి ఒకటి ఉంది. చుట్టూ ఉప్పునీళ్ళు ఉంటేనే దీవి అవుతుందని లేదు. ఒక జీవికి బతకడానికి వీలైన చోటు చిన్నదై, దాటితే చావే అయినప్పుడు అదీ దీవే. మన దగ్గర అలాంటిది కడప జిల్లా లంకమల కొండల దిగువన ఉంది. ముళ్ళపొదలు, వాటి నడుమ గులకనేల, ఒకవైపు కొండ, మరోవైపు పొలాలు. కలివికోడి ఉండేది ఆ కాస్త చోటులోనే.

దీని కథ నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. మద్రాసు ప్రెసిడెన్సీలో సైనిక వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డాన్ నెల్లూరు, కడప కొండల వైపు ఈ పక్షిని సేకరించగా, 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. తర్వాత గోదావరి ప్రాంతంలో కొన్నిసార్లు కనిపించింది. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ దాన్ని చూసింది మన అనంతపురం దగ్గరే. ఆ మాట చదివినప్పుడల్లా మా గుట్టల వైపు చూడకుండా ఉండలేను. అక్కడితో నమోదులు ఆగిపోయాయి. సర్వేలు జరిగాయి, పక్షిశాస్త్రంలో పెద్దలు గాలించారు, ఈకైనా దొరకలేదు. అంతరించిందనే చాలామంది అనుకున్నారు.

1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ భరత్ భూషణ్ అనే యువ శాస్త్రవేత్తను కడప వైపు పంపింది. ఆయన చేతిలో ఉన్నది పక్షి బొమ్మ. అది పట్టుకుని ఊరూరా తిరిగి, గొర్రెల కాపరుల్ని, పిట్టలు పట్టేవాళ్ళని అడిగారు. పుస్తకాలు అంతరించిందన్న పక్షిని అడవిలో తిరిగేవాళ్ళు గుర్తుపట్టారు. వాళ్ళకది కలివి పొదల్లో తిరిగే కోడి. పైగా రాత్రిపూట తిరిగే పిట్ట, పగటి గాలింపులకు దొరక్కపోవడంలో వింతేముంది? 1986 జనవరిలో ఒక రాత్రి రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాడు ఒకరు లైటు వెలుగులో దాన్ని ప్రాణాలతో పట్టుకున్నారు. జానెడుకు కాస్త పైన ఉండే పిట్ట. పెద్ద కళ్ళు, గొంతు మీద ఇటుకరంగు మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. అప్పటికి 89 ఏళ్ళున్న సలీం అలీ కబురు అందగానే బయల్దేరి వచ్చారు. దొరికిన ఆ పక్షి మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు. అయినా దాని జాతి ఇంకా ఉందని తేలింది. మరుసటి ఏడాది సలీం అలీ కన్నుమూశారు. 1988లో కలివికోడి బొమ్మతో తపాలాబిళ్ళ వచ్చింది, లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఈ పక్షిని మళ్ళీ లోకానికి చూపించింది ఆ వేటగాడి చూపు, అడవి తెలిసినవాళ్ళ జ్ఞాపకం. నా దృష్టిలో శాస్త్రవేత్త గొప్పదనం వాళ్ళని అడగడంలో ఉంది.

ఆ తర్వాతి కథ తిన్నగా సాగదు. 2000 తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారాక వాటిమీద పాదముద్రలు వెతికారు. తమంతట తాము ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. పొద్దుగూకాక ముప్పావు గంటకు మొదలై కొద్ది నిమిషాల్లో ఆగిపోయే దాని కూతను రికార్డు చేశారు. మరోపక్క పొదలు కొట్టేశారు, పొలాలు జరిగి వచ్చాయి. తెలుగుగంగ కాలువ ఆ పక్షి చోటుకు దగ్గరగా రాబోతే దారి మార్చారు. సాగునీటికి వాచిపోయిన సీమలో కాలువను పక్కకు జరపడం చిన్న విషయం కాదు, అది మనం చేసిన మంచిపని. అయినా 2009 తర్వాత కలివికోడి నిర్ధారణగా కనిపించలేదు. 2013లో స్కాట్లండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్న ఒక గుడ్డు దీనిదేనని డీఎన్ఏ పరీక్షలో తేలింది. అది 1917లో కోలారు బంగారుగనుల ప్రాంతంలో సేకరించినది. అనంతపురం, కోలారు... ఒకప్పుడు ఈ పీఠభూమి మీద ఎంత దూరం తిరిగిందో! 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందమొకటి దాని కూతను మళ్ళీ రికార్డు చేసింది. ఆ వార్త చదివి ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

ఈలోగా చూసే పద్ధతి మారింది. గాలపాగోస్ పాములు ఇప్పుడు ఫోన్లో రెండు నిమిషాల ముక్కలుగా తిరుగుతున్నాయి. పక్కనే కర్ణాటక తన అడవుల మీద ‘వైల్డ్ కర్ణాటక’ తీసి, దానికి అటెన్‌బరో గొంతు తెచ్చుకుంది. మా జిల్లాలోనే చిలమత్తూరు మండలం వీరాపురంలో పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఏటా వచ్చి ఊళ్ళోని చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. అవి మన దేశపు పక్షులే, వాటిని సైబీరియావని రాయడం పొరపాటు. చెట్టుకింద మనుషుల సంసారం, చెట్టుమీద వాటి సంసారం. గూళ్ళ జోలికి ఎవరూ పోరు. తెల్లవారుజామున అరుగు మీదినుంచే చిత్రీకరించవచ్చు.

సీమకు అలాంటి సిరీస్ ఒకటి కావాలి. వీరాపురం చింతచెట్లతో మొదలుపెట్టి లంకమల పొదల్లోకి వెళ్ళాలి. అడవిలో తిరిగే పెద్దలు తమ మాటల్లో చెప్పాలి, ఆ మాటకు మరొకరి గొంతు తగిలించకూడదు. కలివికోడి ఒక్క రాత్రి కెమెరాకు చిక్కడానికి ఏళ్ళు పట్టినా సరే, అది చిక్కే చోటు దున్నకుండా ఉంచే పని చిత్రీకరణకంటే ముందు మొదలవ్వాలి.