డిప్‌స్టిక్ ఎటు పోయింది?

కారుని డీలర్ దగ్గర సర్వీసుకిచ్చి, ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ మార్పించి, బిల్లు కట్టి ఇంటికి తెచ్చుకున్నాక ఓనరు చెయ్యగలిగిన పని ఒకప్పుడు ఒకటుండేది. బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ గొట్టంలో పెట్టి తీసి, ఆ ఎర్ర నూనె ఏ గీత దాకా ఉందో చూసుకోవడం. రెండు నిమిషాల పని. ఇవాళ అమెరికాలో తిరుగుతున్న ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి ఆ పుల్లే లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళెవరైనా "మార్చామన్నారు గానీ, సరిగ్గా పోశారో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగితే సూటిగా చెప్పే జవాబు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఎనభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ముందు ఒక్క సంగతి. (మన దగ్గర 2014లో సెలేరియోతో మొదలైన ఏఎమ్‌టీ బళ్ళకి ఈ గొడవ లేదు. అది మామూలు గేరుబాక్సే, క్లచ్చు తొక్కే పని మనకి బదులు యంత్రం చేస్తుంది, అంతే.) అసలు సిసలు ఆటోమేటిక్‌లో ఫ్లూయిడ్ అంటే ఉత్త కందెన కాదు. ఇంజిను శక్తిని టార్క్ కన్వర్టర్‌లో చక్రాల వైపు మోసేది అదే, ఒత్తిడితో లోపలి క్లచ్చుల్ని బిగించేది అదే, వేడిని బయటికి లాక్కుపోయేదీ అదే. తక్కువైతే పంపు గాలి పీల్చుతుంది, క్లచ్చులు జారుతాయి, కాలిపోతాయి. ఎక్కువైతే తిరిగే భాగాలు దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తాయి, నురగకి ఒత్తిడి నిలబడదు కాబట్టి ఫలితం మళ్ళీ అదే. అంటే లీటరు అటో ఇటో అయితే వేల డాలర్ల గేరుబాక్సుకి ముప్పు. ఇంతా చేసి ఆ కొలత కుదురుగా ఉండదు. వేడెక్కితే పొంగుతుంది, ఇంజిను ఆపితే కన్వర్టర్‌లోంచి కొంత కిందికి దిగి మట్టం మారుతుంది. అందుకే చాలా కార్లలో ఇంజిను వేడెక్కాక, అది నడుస్తుండగానే చూడమంటారు. హోండా వాళ్ళు మాత్రం వేడెక్కాక ఇంజిను ఆపి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడమనేవాళ్ళు. ఒకరి పద్ధతిలో ఇంకొకరి కారుని చూస్తే తప్పు లెక్క వస్తుంది.

సరే, చరిత్రకొద్దాం. జనరల్ మోటార్స్ తన హైడ్రామాటిక్‌ని 1939 చివర్లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో తెచ్చింది. పెద్ద సంఖ్యలో తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ అదే. దాని వెనకున్న ఎర్ల్ థాంప్సన్ అంతకుముందు మాన్యువల్ గేర్లలో సింక్రోమెష్ తెచ్చినాయన. యుద్ధం వచ్చేసరికి అదే గేరుబాక్సు ఎమ్5 స్టూవర్ట్ ట్యాంకుల్లోకి ఎక్కింది, ఒక్కో ట్యాంకులో రెండు క్యాడిలాక్ ఇంజిన్లు, రెండు హైడ్రామాటిక్‌లు. మొదట్లో దాని ఫ్లూయిడ్ కంపెనీ సొంత సరుకు, వాళ్ళ డీలర్ల దగ్గరే దొరికేది. 1949లో జీఎమ్ 'టైప్ ఏ' అని ఒక ప్రమాణం రాసి, పరీక్షలో నెగ్గిన ఏ నూనె కంపెనీ అయినా తయారు చేసుకోవచ్చంది. నన్నడిగితే ఈ కథలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే, హైడ్రామాటిక్ కంటే కూడా. స్పెసిఫికేషన్ బయటపెట్టి ఇంప్లిమెంటేషన్ ఎవరికి వాళ్ళని చేసుకోమనడం! అప్పట్నించీ ఊరి పెట్రోలు బంకులో కూడా ఆ డబ్బా దొరికింది, బంకు కుర్రాడు కూడా డిప్‌స్టిక్ చూసి తక్కువైనంత పోసేవాడు. ఇంజినాయిల్ కారుతోందా ఇది కారుతోందా తేడా తెలియడానికి ఎర్ర రంగు కలిపారు.

ఇక్కడో తిమింగలం వస్తుంది. నిజంగానే.

ఆ ఫ్లూయిడ్లో గేర్లు కుదుపు లేకుండా పడేందుకు కలిపే పదార్థం స్పెర్మ్ తిమింగలం నూనె. పేరుకి నూనె గానీ రసాయనికంగా అది ద్రవరూపంలో ఉండే మైనం, వేడికి తట్టుకుంటుంది, రాపిడిని సరిగ్గా కావలసినంతే తగ్గిస్తుంది. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోయే జాతుల జాబితాలో చేర్చి దిగుమతికి అడ్డుకట్ట వేసింది. జీఎమ్ 1967లో తెచ్చిన డెక్స్‌రాన్ స్థానంలో తిమింగలం నూనె లేని డెక్స్‌రాన్-2 రావాల్సొచ్చింది. దాని మొదటి రూపం రేడియేటర్లోని కూలర్ గొట్టాల లోహాన్ని తినేసేది. గొట్టానికి చిల్లు పడితే రేడియేటర్ నీళ్ళు ఫ్లూయిడ్లో కలుస్తాయి, క్లచ్చు పొరలు ఊడి వస్తాయి. 1970ల మధ్యలో అమెరికాలో గేరుబాక్సులు వరసగా పోయాయంటే అందులో దీనికీ వాటా ఉంది. ఆ తర్వాత కూర్పు మార్చి బాగు చేశారు. (తిమింగలానికి బదులు దొరికినవాటిలో ఒకటి జొజోబా, అరిజోనా ఎడారిలో పెరిగే పొద. దాని గింజల్లో కూడా అలాంటి ద్రవ మైనమే ఉంటుంది. ఇప్పుడు షాంపూ సీసాల మీద కనబడేది అదే.) ఆ రోజుల్లో బండి జారుతోందని అనుమానం వచ్చినవాడు డిప్‌స్టిక్ తీస్తే, నీళ్ళు కలిసి గులాబి రంగు పాలలా మారిన ఫ్లూయిడ్ దానిమీదే కనబడేది. ఆ పుల్ల మట్టం చెప్పడమే కాదు, లోపల ఏం జరుగుతోందో కూడా చెప్పేది.

'లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్' అనే మాట జర్మన్లు కనిపెట్టింది కాదు. ఫోర్డ్ 1967లో టైప్ ఎఫ్‌ని అసలు మార్చక్కర్లేని ఫ్లూయిడ్‌గానే తలపెట్టింది. కానీ డిప్‌స్టిక్‌ని మాత్రం ఉంచింది. ఆ పుల్లని తీసెయ్యడం దాకా వెళ్ళింది 1990లలో, ముఖ్యంగా జెడ్ఎఫ్ గేరుబాక్సులు వాడిన బీఎమ్‌డబ్ల్యూ లాంటివాళ్ళు. పద్ధతి ఏమిటంటే, కారుని నాలుగు చక్రాలూ సమంగా ఉండేట్టు పైకెత్తి, ఇంజిను నడుపుతూ, ఫ్లూయిడ్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండగా పక్కనున్న బిరడా విప్పాలి. సన్నగా కారితే సరిపోయినట్టు, కారకపోతే పొయ్యాలి. తమాషా ఏంటంటే, బీఎమ్‌డబ్ల్యూ జీవితకాలం అంటుంటే, గేరుబాక్సు తయారు చేసిన జెడ్ఎఫ్ 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్లకోసారి మార్చమంటుంది. ఎవరి జీవితకాలం అన్నది మనమే తేల్చుకోవాలన్నమాట :)

మెర్సిడెస్ ఇంకా ముచ్చటైన పని చేసింది. 1996లో వచ్చిన 722.6 అనే అయిదు గేర్ల పెట్టెకి డిప్‌స్టిక్ గొట్టం ఉంది, లోపల పుల్ల లేదు! మూతకి ప్లాస్టిక్ పిన్ను బిగించి సీలు వేశారు. మిల్లీమీటర్ల గీతలున్న పొడుగాటి పుల్ల వర్క్‌షాపులో ఉంటుంది, ఫ్లూయిడ్ ఎంత వేడి మీదుంటే ఎన్ని మిల్లీమీటర్లు తడవాలో చెప్పే చార్టు కూడా అక్కడే. క్రైస్లర్ మినీవ్యాన్లలోనూ ఇదే వరస, వాటి మూత మీద డీలర్ వాడకానికి మాత్రమే అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది.

కంపెనీల వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. జనం మురికి గుడ్డతో పుల్ల తుడిచేవాళ్ళు, చేతికొచ్చిన డబ్బా పోసేవాళ్ళు, ఎక్కువ పోసేవాళ్ళు. నిజమే. కానీ అదే 722.6కి ఇంకో జబ్బుంది. పక్కనున్న వైర్ల కనెక్టర్ రబ్బరు రింగులు గట్టిపడితే ఫ్లూయిడ్ బయటికి ఊరుతుంది, పైగా దీపం వత్తి నూనె పీల్చినట్టు వైర్ల వెంబడి పాకి కంట్రోల్ యూనిట్ దాకా వెళ్తుంది. కింద నేల మీద చుక్క పడకుండానే మట్టం తగ్గిపోవచ్చు, ఓనరుకి తెలిసే దారి లేదు. మెర్సిడెస్ కూడా కొన్నేళ్ళకి మార్చక్కర్లేదన్న మాట మార్చుకుని ఫ్లూయిడ్ మార్పుని సర్వీసు షెడ్యూల్లో చేర్చింది. పుల్లని మాత్రం తిరిగివ్వలేదు. వాడు తప్పు రాస్తాడని రైట్ పర్మిషన్ తీసేశారంటే అర్థముంది, రీడ్ పర్మిషన్ కూడా తీసెయ్యడం ఏం న్యాయం? పని చేసిందీ డీలరే, సరిగ్గా చేశాడని సర్టిఫికెట్ ఇచ్చుకునేదీ డీలరే.

అలాంటి కారున్నవాళ్ళు సర్వీసు నించి బండి తెచ్చుకునేటప్పుడు అడగదగ్గవి రెండున్నాయి. ఎంత తీశారు, ఎంత పోశారు? అడుగు బిరడా విప్పితే మొత్తం రాదు, కన్వర్టర్లో సగం పైగా ఉండిపోతుంది. కాబట్టి రెండు అంకెలూ దాదాపు సమంగా ఉండాలి, లీకేజీ ఉంటే తప్ప. ఇక రెండోది, ఎన్ని డిగ్రీల దగ్గర మట్టం చూశారు? ఈ ప్రశ్నకి తడుముకునే చోట బిరడా విప్పి చూశారని నాకైతే నమ్మకం కలగదు. 1996 నించి అమెరికా కార్లలో ఓబీడీ-2 పోర్టు తప్పనిసరి గనక, చవకరకం బ్లూటూత్ అడాప్టర్‌తో చాలా కార్లలో ఫ్లూయిడ్ ఎంత వేడెక్కిందో ఫోన్లోనే కనబడుతుంది. ఎంత ఉందో మాత్రం కనబడదు, ఆ సెన్సరు చాలా గేరుబాక్సుల్లో పెట్టనే లేదు.

మెర్సిడెస్, క్రైస్లర్ ఓనర్లు మటుకు ఊరుకోలేదు. వర్క్‌షాపు పుల్లకి నకళ్ళు బయట కంపెనీలు చేసి అమ్ముతున్నాయి. పిన్ను విరగ్గొట్టి, మూత తీసి, ఒకచేత్తో ఫోన్లో డిగ్రీలు చూసుకుంటూ, ఇంకోచేత్తో మిల్లీమీటర్లు కొలుచుకుని, చార్టు ప్రింటవుట్ గ్లవ్ బాక్సులో పెట్టుకుంటున్నారు.