కౌజు పిట్టల పెంపకం

ఇళ్ల దగ్గర మాంసానికి, గుడ్లకు పెంచే కౌజు పిట్ట జపాన్ జాతిది. 1974లో దీన్ని కాలిఫోర్నియా నుంచి మన దేశానికి తెచ్చారు. పెరట్లో చిన్న కొట్టం, తీగ అల్లిక పంజరాలు ఉంటే మొదలుపెట్టవచ్చు.

కష్టమంతా మొదటి రెండు వారాల్లోనే. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎనిమిది గ్రాములకు మించదు. నీళ్ల పళ్లెంలో పడి చనిపోతుంది. అందుకే పళ్లెంలో గోళీలో గులకరాళ్లో వేస్తారు. మొదటి వారం బల్బు వెచ్చదనం 35 డిగ్రీలకు తగ్గకూడదు. పిల్లలు గుంపుగా ముడుచుకుంటే చలి, దూరంగా చెదిరి నోరు తెరిస్తే వేడి అన్నట్టు. థర్మామీటరు కన్నా ఈ గుర్తే మేలు. మేతను మెత్తగా నలిపి వేయాలి, మాంసకృత్తులు 24 శాతానికి తగ్గకుండా చూడాలి.

మూడో వారానికి మగవాటి రొమ్ము ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది, ఆడవాటికి నల్లమచ్చలు వస్తాయి. ఐదు వారాలకు మాంసానికి, ఆరేడు వారాలకు గుడ్లకు అందివస్తాయి. గుడ్డు సుమారు 10 గ్రాములు. ఇవి పొదగవు, ఇంక్యుబేటరు కావాలి, 17, 18 రోజులకు పిల్లలవుతాయి.

పొలాల్లో తిరిగే పూరేడు పిట్టలను పట్టి పెంచడం మాత్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం.