ఎద్దు మెడ నుంచి ట్రాక్టర్ హుక్కు దాకా: ఎత్తు కుదరని ట్రాలీ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన ఒక లొల్లితో మొదలైంది. మాది కోదాడ దగ్గర ఊరు. రెండేళ్ల కింద నాయిన పాత 35 హెచ్‌పీ ట్రాక్టర్ అమ్మేసి 50 హెచ్‌పీది తెచ్చిండు. ట్రాలీ మాత్రం పాతదే. కొత్త బండికి తగిలిస్తే ట్రాలీ ముక్కు పైకి లేచి, వెనక భాగం కిందికి వాలింది. "ఏం కాదులే, నడుస్తది" అన్నడు. వడ్ల లోడుతో కాల్వ కట్ట ఎక్కుతుంటే ట్రాక్టర్ వెనక టైర్లు గిర్రున తిరిగినయ్, బండి ముందుకు కదల్లేదు. ట్రాలీ పక్కకు లాగింది. అదృష్టం, కట్ట మీదనే ఆగింది.

ఆ రాత్రి లొల్లి ఏంటంటే, ట్రాలీని పైకి లేపాలని నాయిన, ట్రాక్టర్ హుక్కు కిందికి దించాలని నేను. నేను బీటెక్ కాబట్టి నాదే కరెక్ట్ అనుకున్నా. అప్పుడు తాత ఒక మాటన్నడు: "ఎడ్లు మారినప్పుడల్లా మేము బండి చూసుకునేటోళ్లం." అక్కడి నుంచి నేను దీని చరిత్ర వెతుక్కుంటూ పోయిన.

ఎద్దుల బండిని ఒకసారి ఊహించుకోండి. ఇరుసు మధ్యలో, నొగ ముందుకు, దాని చివర కాడి, కాడి కింద రెండు మెడలు. అంటే బండి మూడు చోట్ల ఆనుతుంది: రెండు చక్రాలు, ఒక కాడి. పొట్టి ఎడ్లు కడితే బండి ముందుకు వంగి బరువంతా మెడ మీద పడుతుంది. ఎత్తయిన ఎడ్లు కడితే బండి వెనక్కి వాలుతుంది, మెడ మీద బరువు తేలిపోతుంది. మరీ తేలితే కాడి పైకి లేస్తుంది. అందుకే బండి తోలేవాళ్లు బస్తాలను ముందుకో వెనక్కో జరిపి కాడి దగ్గర చేత్తో ఎత్తి చూసేవాళ్లు. వాళ్ల దగ్గర వేబ్రిడ్జి లేదు, చెయ్యే త్రాసు.

తర్వాత టైరు బండి వచ్చింది. దాన్ని మనం డన్లప్ బండి అంటాం కదా, ఆ పేరు ఒక మనిషిది. జాన్ బాయ్డ్ డన్లప్ స్కాట్లాండ్‌లో పుట్టి బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టర్‌గా పనిచేసేవాడు. 1888లో గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నాడు. ఆయన పేరుతో నడిచిన కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. పెద్ద చెక్క చక్రం పోయి చిన్న రబ్బరు చక్రం వచ్చేసరికి ఇరుసు కిందికి దిగింది. ఎద్దు మెడ మాత్రం ఉన్న ఎత్తులోనే ఉంది! మరి నొగను పైకి ఏటవాలుగా బిగించక తప్పదు. చూశారా, నాయిన ట్రాలీ సమస్య అప్పటికే ఒకసారి వచ్చిపోయింది. అప్పుడు వడ్రంగి తీర్చాడు, ఇప్పుడు వెల్డర్ తీరుస్తున్నాడు.

ఈ మెడ బరువు సంగతిని సీరియస్‌గా పట్టించుకున్న ఒకాయన గురించి చెప్పాలి. బెంగళూరు ఐఐఎం మొదటి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి. మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్‌కి ఎద్దుల బండితో ఏం పని అనిపిస్తుంది. కానీ 1970లలో దేశంలో సరుకు రవాణాకు బండ్లే ఆధారమని, కాడి కింద ఎడ్ల మెడలు పుండ్లు పడుతున్నాయని, బండి డిజైన్ మార్చాలని ఆయన ఏళ్ల తరబడి కొట్లాడాడు. నా దృష్టిలో అదే అసలైన ఇంజనీరింగ్. మేం కాలేజీలో నాలుగేళ్లు చదివాం గానీ ఒక్కరు కూడా ఎద్దుల బండి ఫ్రీ బాడీ డయాగ్రం వేయించలేదు.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పెరిగింది. వరి పెరిగితే మిల్లులు పెరిగాయి. కోతల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్ల లైన్ చూడని వాళ్లు ఈ వీడియో చూసేవాళ్లలో తక్కువే ఉంటారు. అంత వడ్లు ఎడ్లతో అయ్యే పని కాదు. అలా ట్రాక్టర్ వచ్చింది. కాడి పోయి హుక్కు, పిన్ను వచ్చాయి.

ఆ హుక్కు వెనక మళ్లీ బెల్‌ఫాస్టే ఉంది, నమ్ముతారా? హ్యారీ ఫెర్గూసన్ అక్కడి మెకానిక్. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఐర్లండ్‌లో ట్రాక్టర్ల పని మెరుగుపరిచే బాధ్యత ఆయనకిచ్చారు. అప్పటి ట్రాక్టర్లకు ఒక భయంకరమైన జబ్బు: నాగలి రాయికి తగిలి ఆగిపోతే, ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి, డ్రైవర్ మీదికే తిరగబడేది. ఎందరో అలా చనిపోయారు. వెనక తగిలించేది ఎక్కడ, ఎంత ఎత్తులో తగిలిస్తున్నామన్నదే అసలు విషయమని ఫెర్గూసన్ పట్టుకున్నాడు. మూడు చోట్ల పట్టే లింకులు, హైడ్రాలిక్ లిఫ్ట్ కలిపి సిస్టమ్ తయారుచేశాడు. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో కేవలం చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నాడు, 1939లో ట్రాక్టర్ బయటికొచ్చింది. ఇవాళ దాదాపు ప్రతి ట్రాక్టర్ వెనక ఉన్నవి ఆ మూడు లింకులే. 1953లో ఆయన కంపెనీ మాసీ హ్యారిస్‌తో కలిసింది. 1960లో చెన్నైలో పుట్టిన టాఫే ఆ బ్రాండ్‌ను మన పొలాల్లోకి తెచ్చింది. మనం "మాసీ" అని పిలుస్తాం, వెనక ఉన్న ఫెర్గూసన్‌ని మింగేస్తాం.

ఇప్పుడు చిన్న లెక్క. ట్రాలీని లాగడానికి 800 కిలోల బలం కావాలనుకోండి. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2 మీటర్లు. హుక్కు నేలకు అర మీటరు ఎత్తులో ఉంటే, 800ని అరతో గుణించి రెండుతో భాగిస్తే 200. అంటే ముందు చక్రాల మీద నుంచి 200 కిలోలు తేలిపోతుంది. అదే ఒక మీటరు ఎత్తులో, పైన లింకు పిన్నుకు గొలుసు కట్టి లాగితే 400 కిలోలు! కట్ట ఎక్కేటప్పుడు ఏటవాలు కూడా తోడవుతుంది. దిగబడ్డ బండిని పైన గొలుసు వేసి లాగేవాళ్లను మీరూ చూసే ఉంటారు. దయచేసి ఆపండి.

మా ట్రాలీది దీనికి రివర్స్ కథ. ముక్కు లేచింది కాబట్టి లోడు వెనక్కి వాలి, హుక్కు మీద పడాల్సిన బరువు పోయింది. ఆ బరువే వెనక టైర్లకు పట్టు ఇస్తుంది. పట్టు లేక అవి తిరిగాయి. టైరు మీద నంబర్లు చూడండి: పాతదానికి 13.6-28, కొత్తదానికి 16.9-28. రిమ్ము ఒకటే, టైరు పెద్దది. ఒక్క టైరు వల్లనే ఇరుసు సుమారు 5-6 సెంటీమీటర్లు లేస్తుంది. అమెరికాలో గుర్రాల ట్రైలర్‌ను ఎత్తయిన పికప్‌కు తగిలించేవాళ్లదీ ఇదే తలనొప్పి. అక్కడ వాలిన నేల మీద గుర్రం గంటల తరబడి కాళ్లు బిగబట్టి నిలబడాలి.

ఏం చేశామంటే, ముందు ట్రాక్టర్ హిచ్‌లో హుక్కును రెండు రంధ్రాలు కిందికి దించాం. సగం తేడా పోయింది. మిగతా సగానికి సూర్యాపేటలో ఒక వెల్డింగ్ షాపులో ట్రాలీ ఇరుసుకూ కమాన్లకూ మధ్య మందపాటి ఇనుప దిమ్మలు పెట్టించి, పొడవాటి యూ-బోల్టులు బిగించాం. నాయినా గెలిచిండు, నేనూ గెలిచిన. ఇంకా ఎత్తు లేపుదామని షాపతను అన్నడు గానీ తాత వద్దన్నడు. ట్రాలీ ఎంత లేస్తే లోడు అంత పైకి పోతుంది, కాల్వ కట్ట మీద పక్కకు పల్టీ కొట్టడం అంత ఈజీ అవుతుంది.

ఇంకో మాట. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. ఒకప్పుడు జనం ఎడ్ల బండ్ల మీద వచ్చేవాళ్లు, ఇప్పుడు ట్రాలీల నిండా ఎక్కి వస్తారు. మనుషుల్ని ట్రాలీలో ఎక్కించడం చట్టం ఒప్పుకోదు, అది వేరే సంగతి. కానీ వడ్ల బస్తా ఉన్నచోటే ఉంటుంది. మనుషులు ఉండరు, డీజే పాట రాగానే అందరూ వెనక్కి జరుగుతారు. అప్పుడు హుక్కు మీద బరువు ఏమవుతుందో మీకిప్పుడు తెలుసు.

మా తాత బండి నొగ ఇంకా కొట్టంలోనే ఉంది. టేపు పట్టి కొలిచాను: కాడి కట్టే చోట 4 అడుగుల 2 అంగుళాలు. ఆ జత ఎడ్లను నేను చూడలేదు గానీ, ఎంత ఎత్తుండేవో ఇప్పుడు చెప్పగలను.