సిరిసిల్ల సాంచాల కార్ఖానా

ఇటుక గోడలు, పైన రేకులు, లోపల వరుసగా మరమగ్గాలు, అంటే ఇక్కడి మాటలో సాంచాలు. సిరిసిల్లలో సాంచాల కార్ఖానా అంటే ఇదే. జగిత్యాలకు 18వ శతాబ్దపు కోట గుర్తయితే, మానేరు ఒడ్డునున్న ఈ నేత పట్టణానికి కార్ఖానాయే గుర్తు. కోటకు దక్కిన చరిత్ర గౌరవం దీనికీ దక్కాలి.

ఈ ప్రాంతపు చేతి పనులు పాతవే. 20వ శతాబ్దం తొలినాళ్ల గెజిటీర్ జగిత్యాల పట్టు చీరలను, పట్వారీల లెక్కల పుస్తకాలకు వాడిన కోరుట్ల కాగితాన్ని ప్రస్తావించింది. అప్పట్లో నేతకు వేరే కట్టడం అక్కర్లేదు. ఇంట్లో గుంట మగ్గం ఉంటే చాలు. గుంటలోని చెమ్మ నూలు తెగకుండా కాపాడేది. పడుగు పనికి వీధి ఉండేది.

1934లో వరంగల్‌లో నిజాం ప్రభుత్వ హయాంలో వెలసిన ఆజంజాహీ మిల్లు వడుకు, నేత పనులను ఒకే ఆవరణలోకి తెచ్చింది. సిరిసిల్ల ఆ దారిన పోలేదు. భివండి, షోలాపూర్‌లకు వలసపోయి మరమగ్గాల మీద పనిచేసినవారు అక్కడి పాత సాంచాలను కొని తెచ్చుకున్నారు. ఇనుప సాంచ బరువుకు, అదురుకు మట్టి ఇల్లు ఆగదు. గట్టి నేల, కరెంటు మోటారు, ఇటుక గోడ కావాలి. అట్లా ఇంటి పక్కనో, వెనుక జాగలోనో కార్ఖానా లేచింది. పగలూ రాత్రీ దాని చప్పుడు వాడలన్నీ వినేవి.

ఈ షెడ్లు చిన్నవిగా, వాడవాడలా చెదిరి ఉండటానికి అసలు కారణం పని పద్ధతి. యజమాని నూలు, పడుగు చుట్టిన బీములు ఇస్తాడు. ఆసామి తన కార్ఖానాలో బట్ట నేయించి మీటరు లెక్కన కూలి తీసుకుంటాడు. సాంచాల మధ్య పన్నెండు గంటలు నిలబడేది కార్మికుడు. కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లు. లంగాల బట్ట, పాలిస్టర్ బట్ట ఇక్కడ నేసినా, రంగు అద్దకానికి చాలావరకు బయటి ఊళ్లకే పోయేది. లాభంలో పెద్ద వాటా అక్కడే మిగిలిపోయేది. గిరాకీ పడిపోయినప్పుడు ఆ భారమంతా ఆసామి, కార్మికుల మీద పడింది. అప్పులు తీర్చలేక నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్న ఏళ్లు ఈ ఊరి చరిత్రలో అత్యంత దుఃఖకరమైనవి.

ఆజంజాహీ మిల్లు 2002లో మూతబడింది. సిరిసిల్ల సాంచాలు మాత్రం ఆగుతూ సాగుతూ నిలిచాయి. 2017లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లతో ఎన్నో కార్ఖానాలకు ఏటా కొన్ని నెలల పని దొరికింది. చీరల కోసం సాంచాలకు, డిజైను నేసే డాబీలు బిగించారు.

ఈలోగా కట్టడం తీరూ మారింది. తంగళ్లపల్లి మండలంలోని టెక్స్‌టైల్ పార్కులో ఆధునిక మగ్గాలకు తగ్గ పెద్ద షెడ్లు వచ్చాయి. కార్మికుడినే యజమానిని చేయాలన్న పథకం కింద పెద్దూరులో మరికొన్ని షెడ్లు తలపెట్టారు. అందులో ఒక్కో కార్మికుడికి 4 సాంచాలు ఇవ్వాలన్నది ఆలోచన.